ఓడిన చేతుల లెక్క

ఓడిపోయినవాళ్ళ చేతులు లెక్కపెట్టలేదు. జరిగిన తప్పు అదొక్కటే. మిగతాదంతా దాని వెనకాల తోకలాగా వచ్చింది.

ఆ పేటలో ఏ సంగతి తేలాలన్నా మీటింగు హాల్లోనే తేలేది. మురుగుకాలవ ఎటు తిప్పాలి, కుళాయిలు ఏ పూట వదలాలి, వీధి చివర దీపం పైవాళ్ళు వెయ్యకపోతే మనమే వేసుకుందామా, ఇలాంటివి. నెలకోసారి సాయంత్రం పూట అందరూ వచ్చి బల్లల మీద కూర్చుని, ముందు కడుపునిండా అరుచుకుని, ఆ తర్వాత చేతులెత్తేవారు. ఎత్తిన చెయ్యి లెక్కలోకి వచ్చేదాకా దిగదు. దించుదామన్నా దిగదు. లెక్కపెట్టే మనిషి వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి, అరచేతిని రెండు వేళ్ళతో తాకి, అంకె పైకి చెప్పాలి. అప్పుడు దిగుతుంది. నిప్పు కాలుతుంది, నీళ్ళు పల్లానికి పోతాయి, ఎత్తిన చెయ్యి లెక్కకి దిగుతుంది. ఇందులో వింతేమీ లేదు కనక ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవారు కాదు. కాకపోతే దురద పెట్టినా సరే మీటింగులో చెయ్యి పైకెత్తకుండా జాగ్రత్తపడేవారు.

లెక్కపెట్టే పని ఒకావిడది. పగలు బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటుంది. చిల్లర లేదంటే విసుక్కుంటుంది, వరస తప్పి ముందుకొస్తే వెనక్కి పంపిస్తుంది. పేటలో చిన్నా పెద్దా అందరూ ఆవిడని లెక్కలావిడ అనే అంటారు. ఆ పనికి ఒకటే షరతు, ఏ వైపునా ఎప్పుడూ చెయ్యెత్తకూడదు. ఒక్కసారి ఎత్తిన మనిషి తాకితే ఇంక ఎవరి చెయ్యీ దిగదు. ఈ షరతు ఆవిడకి మహా సుఖంగా ఉండేది. కాలవ గొడవలో నువ్వెటు అని మొగుడు అడిగితే, నాకేం, నేను లెక్కపెట్టేదాన్ని అనేది. ఇరుగూ పొరుగూ తగువు తెచ్చినా అదే జవాబు. రెండు వైపులవాళ్ళూ మర్యాద చేసేవారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోకుండా, ఎవరి కోపమూ పడకుండా, కడుపులో చల్ల కదలకుండా చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఆ రోజు మీటింగులో ప్రెసిడెంటుగారు లేచి, మీటింగులే మానేద్దామన్నారు.

ప్రెసిడెంటు చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరి మోకాళ్ళు నొప్పో, ఎవరి పిల్లకి దగ్గో పేరుపేరునా గుర్తుపెట్టుకుని అడిగే మనిషి. అతను చెప్పింది అబద్ధమూ కాదు. ఇన్నాళ్ళుగా అరుచుకుంటున్నాం, కాలవ తిరిగిందా? ఒకసారి తూర్పు అంటాం, ఒకసారి పడమర అంటాం, నీళ్ళు మాత్రం మన గుమ్మాల్లోనే ఉంటున్నాయి. ఇకమీదట మీరు ఇళ్ళల్లో హాయిగా ఉండండి, అన్నీ నేను చూసుకుంటాను అన్నాడు. జనం నిజంగానే అలిసిపోయి ఉన్నారు. పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా ఆ బల్లల మీద కూర్చుని పక్కింటివాళ్ళ తిట్లు వినడం ఎవరికి సరదా? అవునన్నవాళ్ళ చేతులు లేచాయి. లెక్కలావిడ మొదటి వరసనుంచి తాకుతూ వచ్చింది. హాల్లో ఉన్న జనంలో సగం దాటి ఇంకా పైకి పోయింది లెక్క. వాళ్ళందరి చేతులూ దిగాయి.

తర్వాత కాదన్నవాళ్ళు ఎత్తారు. కాస్త కూర్చున్న ఆవిడ మళ్ళీ లేవబోయింది. పొద్దున్నించీ కిటికీ దగ్గర కూర్చుని పాదాలు వాచి ఉన్నాయి. బయట ఉరుముతోంది, లోపల దీపం మినుకుమినుకుమంటోంది. ప్రెసిడెంటు ఆవిడ భుజం మీద చెయ్యి వేసినంత దగ్గరగా వంగి, “సగం దాటిపోయింది కదమ్మా, ఇంకెందుకు శ్రమ? ఓడిపోయినవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ముట్టుకుని చూపించి అందరిలో చిన్నబుచ్చడం బాగుంటుందా?” అన్నాడు.

అది ఆవిడకి సబబుగానే తోచింది. కూర్చుంది.

గంట కొట్టేశారు. జనం వాన మొదలయ్యేలోగా ఇళ్ళకి చేరాలని తోసుకుంటూ పోయారు. కాదన్నవాళ్ళు చేతులు పైకి పెట్టుకునే నడిచారు. గుమ్మం దగ్గర ఒక్కొక్కళ్ళ వేళ్ళూ పై కమ్మీకి కొట్టుకున్నాయి. పొద్దున్నే లెక్కపెడతారులే అనుకున్నారు. పొద్దున్న చూస్తే హాలుకి తాళం వేసి ఉంది. మీటింగులు లేనప్పుడు హాలెందుకని ప్రెసిడెంటు అందులో సిమెంటు బస్తాలు వేయించాడు.

లెక్కలావిడ ఇంట్లోనే ఒక చెయ్యి పైకి ఉండిపోయింది. మొగుడి అక్కగారిది. వదిన వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధి మొత్తానికి బట్టలు కుడుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి కొలతలు కుదరలేదని చెబుతుంది. కుడిచెయ్యి మీదికి లేచిపోయాక మిషను ఎడమచేత్తో నడుపుకుంది గానీ, కత్తెర పట్టి గుడ్డ కత్తిరించడం ఎడమచేత్తో వల్లకాలేదు. ఒప్పుకున్న బట్టలన్నీ మూటల్లోనే ఉండిపోయాయి. అన్నం కలుపుకోవడం, తల దువ్వుకోవడం, తలుపు గడియ తియ్యడం, అన్నీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. పడుకుంటే దుప్పటి గుడారంలాగా లేచి నిలబడేది.

మొదట్లో అందరికీ నవ్వులాటగానే ఉండేది. చేతులు పైకున్నవాళ్ళు రోడ్డు పక్కన నిలబడితే బస్సులు ఆగిపోయేవి. డ్రైవరు తల బయటికి పెట్టి ఎక్కుతావా ఎక్కవా అని కేకలేస్తే, నేను ఎక్కనయ్యా, నా ఖర్మ ఇలా ఉంది పో అనేవాళ్ళు. బడిలో పంతులమ్మ చెయ్యి పైకే ఉండిపోయిందని పిల్లలు, టీచరుకే డౌటొచ్చింది రోయ్ అని ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. వానొస్తే గొడుగు పట్టుకోవడానికి మాకే వీలు అని వదిన తనే జోకులేసేది.

పోనుపోనూ నవ్వులు తగ్గాయి. గెలిచినవాళ్ళు మొదట అయ్యో పాపం అన్నవాళ్ళే, ఎదురుగుండా పైకి లేచి ఉన్న చెయ్యి కనబడితే చిరాకు పడటం మొదలుపెట్టారు. గెలిచిన సంగతి మరిచిపోయి మన పనులు మనం చేసుకుందామంటే ఈ చేతులు మరవనివ్వవు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని ముఖానే అన్నారు. షాపులవాళ్ళు పైన వేలాడే సరుకులు తగిలి పడిపోతాయని లోపలికి రావద్దన్నారు. బస్సులో పక్కన కూర్చోవడం మానేశారు.

అప్పుడు ప్రెసిడెంటుగారి మైకు వ్యాను బయల్దేరింది. ఇదొక రకం నరాల జబ్బనీ, ముట్టుకుంటే అంటుకుంటుందనీ, ఎవరూ భయపడక్కర్లేదు గానీ దూరంగా ఉండండనీ రోజూ రెండు పూటలా చెప్పుకుంటూ తిరిగింది. ఎత్తిన చెయ్యి లెక్కకి గానీ దిగదని పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్ళే, తాతలకీ తండ్రులకీ దిగిన చేతులు కళ్ళారా చూసినవాళ్ళే, ఆ వ్యాను మాట విని తలలూపారు. ఏమోనమ్మా, అప్పటి చేతులు వేరు, ఇప్పటి జబ్బులు వేరు అన్నారు. కొందరు ఇంకొంచెం ముందుకెళ్ళి, వాళ్ళు చొక్కాచేతుల్లో వెదురుకర్రలు పెట్టుకుని నాటకాలాడుతున్నారని చెప్పారు. జబ్బూ, నాటకమూ రెండూ ఒకేసారి ఎలా అవుతాయని ఎవరూ అడగలేదు.

చెయ్యి దింపుకునే దారి ఇంకొకటి లేకపోలేదు. నేను ఎత్తలేదు అని నోటితో అంటే చాలు, దిగిపోతుంది. కానీ అలా దిగిన చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవదు. మొదట ఆ మాట అన్నది మంగలి షాపాయన. తప్పు పట్టడానికి లేదు, ఒంటి చేత్తో గడ్డం గీస్తానంటే మెడ ఎవరిస్తారు? షాపు ముందు నిలబడి, ఎటో చూస్తూ అనేశాడు. చెయ్యి టపీమని పడింది. ఆ రోజునుంచీ వచ్చినవాళ్ళని కుర్చీలో కాకుండా కింద పీట మీద కూర్చోబెట్టి కత్తిరించేవాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ తల అతనికి అందదు మరి. కుర్చీ ఏమైందన్నా అని అడిగితే, రిపేరు అనేవాడు. ఆ తర్వాత వారానికి ఇద్దరూ ముగ్గురూ ఆ మాట అనడం మొదలుపెట్టారు.

లెక్కలావిడ మొగుడు నీళ్ళ పంపుహౌసులో పనిచేస్తాడు. ఆ ఉద్యోగం ప్రెసిడెంటు చేతిలో ఉంది, అందుకని ఆ రోజు మీటింగులో అవునని చెయ్యెత్తాడు. దాని గురించి ఎప్పుడూ సిగ్గుపడలేదు, గొప్పా చెప్పుకోలేదు. అక్కతో మాత్రం రోజూ అన్నం దగ్గర అదే గొడవ. ఒక్క మాట అనేస్తే నీ సొమ్మేం పోతుంది, పై అరలో డబ్బాలు నేను తీసిపెడతానుగా అనేవాడు. వదిన వినేది కాదు. పైన మేడమీద అద్దెకుండే ఆవిడ రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని చేసి పగలు నిద్రపోయే మనిషి. ఏ మీటింగుకీ ఎన్నడూ వెళ్ళి ఎరగదు. మిషను చప్పుడు తగ్గినందుకు ఆవిడ ఒక్కతే సంతోషించింది. మీ చెయ్యి ఇలాగే ఇంకొన్నాళ్ళు ఉంటే నా కళ్ళ కింద నలుపు పోతుందండీ అని వదినతో అంది. వదిన దానికి నవ్విందే గానీ కోప్పడలేదు. నాటకమని అనని మనిషి ఆ వీధిలో ఆవిడొక్కతే.

లెక్కలావిడ ఈ మాటలన్నిటి మధ్యా అన్నం పెట్టేది. నాకేం, నేను లెక్కపెట్టేదాన్ని అనే జవాబు ఇప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. హాలు తాళం తీస్తే ఒక గంటలో పని అయిపోతుంది, ఇందులో రాజకీయమేముందని ఒక రోజు ప్రెసిడెంటు దగ్గరికే వెళ్ళింది. అతను కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. పాదాల వాపు ఎలా ఉందని అడిగాడు. హాలు నిండా సిమెంటు ఉందమ్మా, అయినా ముగిసిన మీటింగుకి లెక్కేమిటి అన్నాడు. ఇంత అనుభవమున్న మనిషి కిటికీ వెనక టికెట్లు చింపడం బాగులేదనీ, తన ఆఫీసులో బల్ల వేయిస్తాననీ, జీతం రెట్టింపనీ అన్నాడు. చెయ్యాల్సిందల్లా ఒకసారి వ్యానులో కూర్చుని, ఆ రోజు కాదని ఎవరూ చెయ్యెత్తలేదు, నేను చూశాను అని మైకులో చెప్పడం.

“మీ మాటైతే ఎవరూ కాదనరమ్మా. మీరు ఏ వైపూ కాదు కదా,” అన్నాడు.

ఆలోచించుకుని చెబుతానంది. ఆ మాట అన్నందుకు ఇంటికొచ్చేదాకా తనని తను తిట్టుకుంది.

ఇంటి ముందు అరుగు మీద ఇంకొక మనిషి కాచుకుని ఉన్నాడు. కాలేజీ లెక్చరరు, కాదన్నవాళ్ళకి పెద్దదిక్కు. అతని చెయ్యీ పైకే ఉంది, దాని మీద చొక్కా ఇస్త్రీ మాత్రం చెక్కుచెదరలేదు. అసలు మనమే గెలిచాం, అటువైపు చేతులు సగం కొన్నవే అన్నాడతను. మీరొక్కసారి మైదానంలో నిలబడి మా అంకె వాళ్ళకన్నా ఎక్కువని చెప్పండి, పేటంతా మీ మాటే నమ్ముతుంది, ఒక్క అబద్ధం, అదీ మంచికోసం.

“అటు చేతులు నేనే తాకానయ్యా. కొన్నవో కోసినవో నాకు తెలీదు, ఉన్నాయి. మీ వైపు లేని చేతుల్ని ఎక్కడినించి తెచ్చి తాకను?”

లెక్చరరు ఆవిడని పిరికిదంటూ వెళ్ళిపోయాడు. ప్రెసిడెంటు టీ ఇచ్చి అడిగాడు, ఇతను టీ కూడా ఇవ్వకుండా అడిగాడు, అంతే తేడా అనుకుందావిడ.

ఆదివారం మధ్యాహ్నం మొగుడు పంపుహౌసుకి వెళ్ళాడు. లెక్కలావిడ వీధి గదిలోకి వచ్చేసరికి వదిన మిషను ముందు కూర్చుని ఉంది. మిషను తిరగడం లేదు. ఎదురుగా ఒక పెళ్ళికూతురి గుడ్డ పరిచి ఉంది, సుద్దగీతలు ఎడమచేత్తో గీసినవి వంకరటింకరగా ఉన్నాయి. ఆ బట్ట రేపటికి ఇవ్వకపోతే ఇంకో దర్జీకి ఇచ్చుకుంటామని వాళ్ళు వచ్చి చెప్పి వెళ్ళారు. ఇప్పటికే పాత గిరాకీలన్నీ ఒక్కొక్కటీ అలాగే పోయాయి. వదిన గోడవైపు చూస్తూ పెదవులు కదుపుతోంది. ఆ మాటే. ఇంకా శబ్దం రావడం లేదు, అంతే.

“అనేస్తున్నావా వదినా?”

“అనకపోతే ఏం చేసుకు బతకను? నీ మొగుడి జీతంలో నాకూ ఒక ముద్ద రాసిపెట్టి ఉందా?” అంది వదిన. మళ్ళీ తనే అంది. “నాకు ఓడిపోవడం కొత్త కాదే. కుట్టిన బట్టలు తిప్పికొడతారు, విప్పి మళ్ళీ కుడతాను. ఓడిపోయావని చెప్పమను, సరేనంటాను. నేనసలు అక్కడ లేనని నాచేతే చెప్పిస్తే ఎలా?”

లెక్కలావిడ గుడ్డ పక్కకి జరిపి, మిషను పక్కనున్న పీట ఎక్కి నిలబడి, వదిన అరచేతిని రెండు వేళ్ళతో తాకింది. ఒకటి, అంది.

చెయ్యి దిగింది. తుప్పుపట్టిన తలుపులాగా భుజం దగ్గర కిర్రుమంది గానీ దిగింది. వదిన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో అయినట్టు కాసేపు చూసింది. తర్వాత వేళ్ళు ఆడించి, కత్తెర అందుకుని, గుడ్డ మీదికి వంగి సరాసరి కత్తిరించడం మొదలుపెట్టింది. సగం కత్తిరించాక తల ఎత్తకుండా అంది.

“అంటే ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చునే చెయ్యగలిగినదానివేనన్నమాట.”

ఆ మాట లెక్కలావిడకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. హాల్లో తప్ప లెక్క చెల్లదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎవరినీ అడగనూ లేదు, ఎక్కడా ప్రయత్నించనూ లేదు. తాళం ప్రెసిడెంటు దగ్గరుంది కనక లెక్కా అతని దగ్గరే ఉందనుకుంది. చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది.

పక్క వీధిలో తాపీమేస్త్రీ దగ్గర రెండు. బడి పంతులమ్మ దగ్గర మూడు. ఆవిడ చెయ్యి దిగగానే అదే చేత్తో కొడుకు వీపు మీద ఒకటి వేసింది, ఎన్నాళ్ళనించో బాకీ అట. అక్కడినుంచి సంగతి ఆవిడకన్నా ముందు పరిగెత్తింది. చేతులెత్తినవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. అటువైపువాళ్ళు కిటికీలు వేసుకుని సందుల్లోంచి చూశారు. మైకు వ్యాను వెనకే వచ్చి, ముట్టుకోవద్దు, అంటుకుంటుందని అరిచింది. అంటుకోలేదు. ముట్టుకున్న చోటల్లా చేతులు దిగుతుంటే జబ్బు ఎలా అవుతుందో వ్యానులో కుర్రవాడికి కూడా బోధపడలేదు కాబోలు, మలుపు దగ్గర మైకు కట్టేసి టీకొట్టు ముందు ఆపుకున్నాడు.

లెక్చరరు తన వంతు వచ్చినప్పుడు అంకె విన్నాడు, చెయ్యి దింపుకున్నాడు, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మంగలి షాపాయన షాపు ముందు నిలబడి ఉన్నాడు. అరచెయ్యి చాచాడు. భుజం ఎత్తుకి మించి రాలేదు.

“నన్నూ కలుపుకో తల్లీ. నేనూ ఆ రోజు కాదన్నాను, నువ్వూ చూశావు.”

ఆవిడ చూసింది, నిజమే. రెండు వేళ్ళతో తాకింది. అంకె చెప్పబోతే గొంతులోంచి రాలేదు. రెండోసారి ప్రయత్నించినా గాలి వచ్చింది గానీ మాట రాలేదు. ఎత్తలేదన్న చేతిని ఎవరు మాత్రం లెక్కలో వెయ్యగలరు?

“రావట్లేదన్నా,” అంది.

“ఎలా వస్తుందిలే,” అన్నాడతను. లోపలికి వెళ్ళి పీట తుడుచుకుంటూ కూర్చున్నాడు. మిగతావాళ్ళ దగ్గర ఆవిడ అంకె తడుముకోకుండా చెప్పింది గానీ, ఆ రోజంతటిలో ఆవిడకి ఏడుపొచ్చినది అక్కడొక్కచోటే. ఏడవలేదు, ఇంకా వీధులున్నాయి.

ఎండ తగ్గే వేళకి ఆఖరి చెయ్యి దిగింది. ఆవిడ తాళం వేసిన హాలు మెట్ల మీద నిలబడింది. చేతులు దిగినవాళ్ళు వెనకాలే వచ్చారు. కిటికీలు వేసుకున్నవాళ్ళు కూడా ఒకళ్ళొకళ్ళుగా వచ్చి దూరంగా నిలబడ్డారు. లెక్కలావిడ అవునన్నవాళ్ళ అంకె చెప్పింది. కాదన్నవాళ్ళ అంకె చెప్పింది. రెండోది చిన్నదే.

“ఓడిపోయారు,” అంది. “ఇంతమంది ఓడిపోయారు.”

ఓడినవాళ్ళకి అది తెలియని సంగతి కాదు. గెలిచినవాళ్ళే ఆ అంకె విని ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. ఇంతమందా అని ఒక ముసలాయన నెమ్మదిగా అన్నాడు. ఎవరో నలుగురైదుగురు తుంటరులే కాదన్నారని గెలిచినవాళ్ళందరూ అప్పటికే నమ్మేసి ఉన్నారు.

హాలుకి ఎదురుగా ఉన్న తన ఇంట్లోంచి ప్రెసిడెంటుగారు చప్పట్లు కొడుతూ వచ్చారు. కోపమేమీ లేదు. మెట్లెక్కి ఆవిడ పక్కన నిలబడ్డాడు. “చూశారా, మన లెక్కలావిడే స్వయంగా తేల్చి చెప్పింది. ఇంక ఎవరికీ ఏ అనుమానమూ అక్కర్లేదు. మీటింగులు లేవు, గొడవలు లేవు. రేపట్నించి ఈవిడ మన ఆఫీసులోనే ఉంటారు.”

జనం ఊరటగా కదిలారు. వెళ్ళి దీపాలు పెట్టుకోవచ్చు. లెక్కలావిడ పాదాలు వాచి చెప్పుల పట్టీలు కోసుకుపోతున్నాయి. అతను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. లెక్క సరిగ్గా ఉంది, గెలిచింది అతనే. ఇంక ఆవిడ లెక్కపెట్టడానికి ఈ పేటలో ఎప్పుడూ ఏమీ ఉండదు. అది తను లెక్కపెట్టేదాన్ని మాత్రమే అనుకుని కూర్చోవడం వల్లే జరిగిందో, కూర్చోకపోయినా జరిగేదో ఆవిడకి తెలియలేదు. తెలుసుకునే తీరికా లేదు, జనం వెళ్ళిపోతున్నారు.

కుడిచెయ్యి ఎత్తింది.

పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చెయ్యెత్తడం ఎవరూ చూడలేదు. ఎంత ఎత్తాలో ఆవిడకీ తెలియదు, ఉన్నంత ఎత్తూ ఎత్తేసింది. వెళ్ళేవాళ్ళు ఆగిపోయారు. ప్రెసిడెంటు నవ్వు సగంలో ఉండిపోయింది.

“ఇదేమిటమ్మా?”

“కాదంటున్నాను. మీటింగులు ఉండాలి.”

“అయిపోయిన దానికి ఇప్పుడు చెయ్యెత్తితే ఎలా? దించండి, దించండి.”

“లెక్కపెట్టించండి, అదే దిగుతుంది,” అందావిడ.

అతను చుట్టూ చూశాడు. లెక్కపెట్టడానికి ఎవరూ లేరు. ఆ పేటకి ఉన్న ఒక్క లెక్కమనిషీ చెయ్యెత్తి మెట్ల మీద నిలబడి ఉంది.

ఆ తర్వాత జరిగినవి పెద్ద కథ కాదు. నెల తిరగకుండా మొగుణ్ణి పంపుహౌసులోంచి తీసేశారు. అతను చాలా రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. ఇంట్లో కుడివైపు ఉండే వస్తువులన్నీ, గిన్నెలూ, దువ్వెనా, తాళంచెవులూ, ఎడమవైపుకి మార్చిపెట్టాడు గానీ, మాట్లాడలేదు. తర్వాత లారీల షెడ్డులో పని దొరికాక, ఒక రోజు, ఉప్పు తక్కువైందన్నాడు. వదిన ఆవిడ జాకెట్లన్నిటికీ చంక దగ్గర విప్పి గుడ్డ అతికి వదులు చేసింది. రోజూ పొద్దున్నే ఆవిడ అరచేతిని తాకి ఒకటి అని చూసేది. దిగేది కాదు. ఒక వైపు నిలబడ్డ వేళ్ళు కదా. బస్టాండులో ఎడమచేత్తో టికెట్లు ఇవ్వడం ఆలస్యమై వరస పెరిగేది, జనం తిట్టుకునేవారు. ఆవిడా తిరిగి తిట్టేది.

మేడమీదావిడ ఒక పొద్దున్న పనినుంచి వస్తూ వంటింటి గుమ్మంలో ఆగింది. కాసేపు చూసి, ఏమండీ, నేను తాకితే దిగుతుందేమో అంది. “నేనెప్పుడూ ఎటూ ఎత్తలేదుగా. మీ మీటింగులకి వచ్చి ఎరగను.”

వదిన చేతిలో పని పడేసి లేచింది. ఇంత సులువుదారి తలకాయ మీదే పడుకుని గురకపెడుతుంటే ఇన్నాళ్ళూ తోచలేదే అని నెత్తి కొట్టుకుంది. మేడమీదావిడ పిండి అంటిన వేళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. లెక్కలావిడ వెనక్కి జరిగింది.

“ఇక్కడ కాదు,” అంది.

“మా అందరివీ వీధుల్లోనే దింపావుగా?” అంది వదిన.

“అది హాల్లో మొదలైన లెక్క. మధ్యలో వదిలేసింది నేను, పూర్తి చేశాను. ఇది ఆ మీటింగు చెయ్యి కాదు. నా ఒక్కదాని చెయ్యి వంటింట్లో దింపుకుంటే, ఎత్తలేదన్నదానికీ దీనికీ తేడా ఏముంది వదినా? మళ్ళీ మీటింగు పెట్టనీ. అందరి ముందూ ఈవిడే వచ్చి లెక్కపెట్టనీ.”

“మీటింగులు ఉండవన్నారుగా,” అంది మేడమీదావిడ.

“అందుకే.”

మేడమీదావిడ ఆలోచించింది. పగలు పెడితే తనకి కుదరదంది. సాయంత్రమే పెట్టేవారని వదిన చెప్పింది. అరుచుకుంటారా అని అడిగింది. చాలా, అన్నారు ఇద్దరూ. బల్లలకి చేరబడటానికి వీపు ఉంటుందా అని అడిగింది. ఉండదన్నారు. కష్టమే అంటూ మెట్లెక్కి నిద్రపోవడానికి వెళ్ళింది. రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ దిగి వచ్చి, ఒకవేళ పెడితే, ఒకటి తర్వాత రెండు అనడమేనా, ఇంకేమైనా ఉందా అని అడిగింది. ఎవరు చాలన్నా ఆగకూడదు, అంతే, అంది లెక్కలావిడ.

కాలవ ఇంకా అలాగే ఉంది. మొన్న వానకి నీళ్ళు ప్రెసిడెంటుకి చెయ్యెత్తినవాళ్ళ గుమ్మాల్లోకే ముందొచ్చాయి. వాళ్ళలో కొందరు టికెట్ల కిటికీ దగ్గర నిలబడి, చిల్లర తీసుకున్నాక కూడా కదలకుండా, మీటింగు అంటూ పెడితే ఎప్పుడు పెట్టొచ్చు అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. ప్రెసిడెంటుగారు రెండుసార్లు మనిషిని పంపారు. చెయ్యి దింపుకుంటే మొగుడి పాత ఉద్యోగం ఇస్తామని ఒకసారి, ఉన్న ఉద్యోగం పోతుందని ఒకసారి. ఆవిడ రెండుసార్లూ వచ్చినతనికి మంచినీళ్ళిచ్చి పంపేసింది.

మీటింగు ఇంకా పెట్టలేదు. ఆవిడ చెయ్యి ఇంకా దించలేదు.